ఏ చెట్టు కింద ఏరిన గింజలు?

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మందుల కోసం చుట్టూ బెరడు ఒలిచేశాక ఆఫ్రికాలోని కామెరూన్ కొండ మీద నిలువునా ఎండిపోయిన ఆ ప్రూనస్ ఆఫ్రికానా చెట్టు దగ్గర కాసేపు ఆగిపోయాను. బాగుంది. మూడో పేజీకి వచ్చేసరికి మాత్రం ఒళ్ళు మండింది. 'లక్షల మొక్కలు నాటితే ప్రూనస్ ఆఫ్రికానా బతికిపోతుంది' అని రాసి పారేశావు. ఏ చెట్టు గింజలమ్మా అవి?

మా నాన్న జొన్న విత్తనానికి కంకులు ఎంచేటప్పుడు గట్టు పక్కనే కోసుకుని వచ్చేసేవాడు కాదు. చేనంతా తిరిగి, తలా ఒకటి కోసి, దూలానికి వేలాడదీసేవాడు. అన్నీ ఒక్క మొక్కవే అయితే ఒక్క తెగులుకే తుడిచిపెట్టుకుపోతాయనేవాడు. అడవి చెట్లకీ అంతే. 50, 100 మీటర్ల ఎడంలో ఉన్న కనీసం 30 తల్లి చెట్ల నుంచి గింజలు ఏరాలంటారు. నర్సరీ కుర్రాడు దారి పక్క చెట్టు కిందే సంచి నింపుకొస్తే లక్ష మొక్కలూ అక్కచెల్లెళ్ళే.

పైగా ఈ గింజ జొన్నలా దాచుకునేది కాదు, నెలల్లోనే మొలకెత్తే శక్తి పోతుంది. దీని గాదె అడవిలో నిలబడ్డ చెట్లే. కామెరూన్, కెన్యా, మడగాస్కర్... ఎత్తు కొండల మీద దీవుల్లా విడివిడిగా పెరుగుతుంది. కామెరూన్ చెట్టుకీ మడగాస్కర్ చెట్టుకీ జన్యువుల్లోనే తేడా ఉంది. ఇక్కడ పోయినదాన్ని అక్కణ్ణించి తెచ్చి పూడ్చలేం. ప్రోస్టేట్ మందుల కోసం బెరడు యూరప్‌కి తరలిపోతుంటే 1995లో ఈ చెట్టుని సైటిస్ కిందికి తెచ్చారు, అంటే అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం. దాంతో ఎగుమతికి పర్మిట్ తప్పనిసరి అయింది, అంతే.

ఇరవై ఏళ్ళ కిందట నేనూ ఇలాంటి వ్యాసమే ఒక పత్రికకి పంపాను. తల్లి చెట్ల పేరా కొట్టేసి, ఆ ఖాళీలో మొక్కకి నీళ్ళు పోస్తున్న నాయకుడి ఫొటో వేశారు. ఆ సంచిక ఇంకా బీరువాలో ఉంది. ఎడిటర్లకి 'పచ్చదనం' అన్న మాట ఉంటే చాలు. నీ వ్యాసంలో పదకొండు సార్లుంది, తీసెయ్.

ఆకు నలిపితే చేదు బాదం వాసన వస్తుందని ఎక్కడో చివర్లో ఇరికించావు. దాంతోనే మొదలుపెట్టొచ్చు కదా!

నీ వ్యాసాల పుస్తకం ఎవరు వేస్తారు, ఎన్ని కాపీలు అని అడిగావు కదా, అవన్నీ కలిసినప్పుడు మాట్లాడుకుందాం. ముందు ఆ లక్షల మొక్కలు పెంచే నర్సరీ వాళ్ళకి ఒక ఉత్తరం రాయి: గింజలు ఎన్ని చెట్ల కింద, ఎప్పుడు ఏరారు, రిజిస్టర్లో ఉందా అని. జవాబు రాకపోతే, రాలేదనే వ్యాసంలో రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు