సాయంత్రం ఆఫీసుకు రాలేనంటే సీనియర్ గారు ఏమంటారో?

ప్రశ్న: మేడమ్, విజయవాడలో ఐదేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను, ఎక్కువగా సివిల్. పాపకు పది నెలలు. ఉదయం ఎనిమిదిన్నరకు సీనియర్ గారి ఆఫీసు, పదిన్నరకు కోర్టు, సాయంత్రం మళ్లీ ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా ఆఫీసు. నేను ఇంటికి చేరేసరికి పాప నిద్రపోతుంది. మా అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, ఎన్నాళ్లని ఆవిడ మీద వదిలేయను? సగం రోజే పనిచేస్తానని సీనియర్ గారిని అడగాలని ఉంది. ‘ఇక ఈ అమ్మాయి ప్రాక్టీసు మానేసినట్టే’ అనుకుంటారేమోనని టెన్షన్. అసలు మాకు మెటర్నిటీ చట్టం వర్తించదా?
– పేరు వేయవద్దు, విజయవాడ

జవాబు: చివర అడిగినదానికి ముందు చెబుతానమ్మా. వర్తించదు. 2017 సవరణతో వచ్చిన 26 వారాల జీతంతో కూడిన సెలవు, 50 మంది పనిచేసేచోట క్రెష్ (పిల్లల్ని చూసుకునే చోటు), ఇవన్నీ ఉద్యోగులకు. మీరు ఉద్యోగి కారు, జూనియర్. నెలాఖరున సీనియర్ ఇచ్చే డబ్బుల కవరు అందుకున్నప్పుడల్లా ఆ తేడా మీకు తెలుస్తూనే ఉంటుంది. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇమ్మని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సర్క్యులర్ పంపింది. అదీ సిఫారసే. కాబట్టి మీకు కావలసింది మీరే మాట్లాడి తెచ్చుకోవాలి.

అయితే సగం రోజు అని మాత్రం అడగకండి. కోర్టులో సగం రోజు అనేది లేదు. కాజ్ లిస్టులో, అంటే ఆ రోజు కేసుల జాబితాలో, మీ నంబరు 14 అయినా 60 అయినా ఎప్పుడు పిలుస్తారో ఎవరూ చెప్పలేరు. పదకొండుకు అయిపోతుందనుకున్న క్రాస్ ఎగ్జామినేషన్ మధ్యాహ్నం మూడింటికి మొదలవుతుంది. అప్పుడు ‘నా టైమ్ అయిపోయింది’ అని లేచి రాలేరు కదా. తగ్గించుకోవడానికి వీలున్నది సాయంత్రం ఆఫీసే.

ఈ మాట మా తోటి సీనియర్లకు నచ్చకపోవచ్చు గానీ, రాత్రి తొమ్మిదిన్నర దాకా ఆఫీసులో జరిగేదాంట్లో చాలావరకు కూర్చోవడమే. పార్టీలు వస్తారు, సీనియర్ మాట్లాడతారు, జూనియర్లు వింటారు, మధ్యలో టీ. కొత్తలో అది కావాలి. పార్టీ ఏ సంగతి దాచిపెడుతున్నాడో కనిపెట్టడం అక్కడే అలవడుతుంది. ఐదేళ్లయిన మీకు ఇప్పుడు పేరు తెచ్చేది డ్రాఫ్టింగు, అంటే కేసు కాగితాలు రాయడం. దానికి ఇంట్లో ఒక టేబులు, లాప్‌టాప్ ఉంటే చాలు.

సీనియర్ గారితో ఇలా చెప్పండి: “సార్, ఉదయం ఆఫీసుకూ కోర్టుకూ ఎప్పటిలాగే వస్తాను. సాయంత్రం సోమ, గురువారాలు వస్తాను. మిగతా రోజులు ప్లెయింట్లు, కౌంటర్లు, చీఫ్ అఫిడవిట్లు ఇంటి దగ్గర రాసి పొద్దున్నే తెస్తాను. ఫలానా ఫైళ్లు పూర్తిగా నేనే చూసుకుంటాను.” ఆ ఫైళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఏ పని ఎవరు చూస్తారన్నది సీనియర్‌కు కావలసిన సంగతి. మీ ఇంటి ఇబ్బంది ఒక్క ముక్కలో చెబితే చాలు.

కవరు తగ్గిస్తామనవచ్చు. ఒప్పుకోండి, కానీ ఫైళ్లూ తగ్గాలి. నేను చూసిన ఆడపిల్లల్లో చాలామందికి కవరు సగమైంది, పని మాత్రం అంతే ఉండిపోయింది. అందుకే మాట్లాడి వచ్చిన రోజే ‘సార్, మనం అనుకున్నట్టు...’ అని ఒక వాట్సాప్ పెట్టేయండి. ఒప్పందం పత్రంలాగా వద్దు, ఊరికే గుర్తుకోసం.

ఇక పాపకు జ్వరం వచ్చిన రోజు సంగతి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డరు వాయిదాల విషయంలో కాస్త కఠినం. లాయరు వేరే కోర్టులో ఉన్నారంటే అది వాయిదాకు కారణం కాదు. లాయరుకు ఒంట్లో బాగోలేదన్నా, పార్టీ సకాలంలో మరో లాయరును పెట్టుకోలేకపోయాడని కోర్టుకు నమ్మకం కుదరాలి. బిడ్డ జ్వరం ఏ పాటిదో మీరే ఊహించండి. అందుకని కొత్తగా వేసే ప్రతి వకాలత్‌లో (పార్టీ మీకు కేసు అప్పగించే పత్రంలో) మీతోపాటు ఇంకో లాయరు పేరు ఉండేలా చూడండి. మీకు పనికొచ్చే మనిషి మీలాంటి తల్లే కానక్కర్లేదు. వాళ్ల ఊళ్లో జాతర రోజున వాళ్ల కేసు మీరు చూస్తే, మీ పాపకు జ్వరమొచ్చిన రోజున మీ కేసు వాళ్లు చూస్తారు.

అడ్వకేట్ కమిషనర్ పని, అంటే కోర్టు తరఫున సాక్ష్యం రాసుకోవడమో స్థలం చూసి రిపోర్టు ఇవ్వడమో, అది కూడా దొరికితే వదలకండి. సాక్ష్యం రికార్డు చేసే కమిషన్ అయితే రెండు పక్షాలతో మాట్లాడి మీకు వీలైన గంట పెట్టుకోవచ్చు, ఫీజు కోర్టే నిర్ణయిస్తుంది. పొలం కొలతల కమిషన్ మాత్రం ఇప్పుడు వద్దు. సర్వేయరు కోసం గట్టు మీద పూటంతా నిలబడాలి.

ఎప్పుడు అడగాలంటే, మే నెల వేసవి సెలవులకు ముందు. సివిల్ కోర్టులు తెరిచాక కొత్త పద్ధతిలో మొదలుపెట్టవచ్చు.

ప్రశ్న: నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. నేనే తీసుకెళ్లాలి. ఒక కంపెనీ ‘పార్ట్ టైమ్ లీగల్ ఆఫీసర్’గా రమ్మంటోంది. సనదు (ప్రాక్టీసు అనుమతి) ఉంచుకోవచ్చా? ప్రాక్టీసుకు రెండేళ్లు నిండాయి, జడ్జి పరీక్ష రాయాలని ఉంది.
– ఒక అడ్వకేట్, హనుమకొండ

జవాబు: బార్ కౌన్సిల్ 49వ రూలు ఫుల్ టైమ్ జీతం ఉద్యోగాన్ని ఒప్పుకోదు. అందులో చేరితే బార్ కౌన్సిల్‌కు తెలిపి, ఉద్యోగం ఉన్నన్నాళ్లు ప్రాక్టీసు ఆపాలి. లెటరులో పేరు ‘పార్ట్ టైమ్’ అని ఉండి, లోపల రోజూ హాజరు, నెల జీతం, వేరే కేసులు పట్టుకోకూడదన్న షరతు ఉంటే చిక్కే. రిటైనర్‌గా మార్చమనండి. ఒపీనియన్‌కు ఇంత, అగ్రిమెంటు చూస్తే ఇంత అని ఫీజు. మీ డయాలసిస్ రోజులకూ అదే వీలు.

జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు కావాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. దానికి ప్రిన్సిపల్ జ్యుడీషియల్ ఆఫీసరు గానీ, పదేళ్ల అనుభవమున్న అడ్వకేటు గానీ సర్టిఫికెట్ ఇవ్వాలి; అడ్వకేటు ఇస్తే దాన్ని ఆ ఆఫీసరు ధ్రువీకరించాలి. సనదు సస్పెండ్ చేయించుకుంటే ఆ కాలం మీ లెక్కలోకి రాదు. మీకు తక్కువైంది ఒక్క ఏడాదే కాబట్టి, లెటరులో మాట మార్పించుకున్నాకే సంతకం పెట్టండి.