హింట్ వాళ్లు వదుల్తారు, పట్టుకోవాల్సింది మనమే

సెలవులకు హైదరాబాద్ వచ్చి కూకట్‌పల్లిలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. వాళ్లబ్బాయి సెప్టెంబర్‌లో మాంచెస్టర్‌కు చదువుకోవడానికి వెళ్తున్నాడు. ఆవకాయ ఎంత పట్టుకెళ్లొచ్చు, అక్కడ బ్యాంక్ అకౌంట్ ఎలా తెరవాలి, ఇవన్నీ అయ్యాక నిన్న రాత్రి మెల్లగా అడిగాడు, "పెద్దమ్మా, అక్కడోళ్లు ఏదీ సీదా చెప్పరంట కదా, మరి మనకెట్ల తెలుస్తది?" అని. వాడికి చెప్పిందే మీకూ రాస్తున్నాను, ఎందుకంటే ఈ ఒక్క సంగతి తెలియక ఇంగ్లండ్‌లో మొదటి ఏడాది నేను చాలా ఏడ్చాను.

మొదటి ఉద్యోగంలో మా మేనేజర్ నా రిపోర్ట్ చూసి నవ్వుతూ "యు మైట్ వాంట్ టు హావ్ అనదర్ లుక్ ఎట్ దిస్" అంది. 'మైట్' అంది కదా, తీరికుంటే చూడమంటోంది అనుకుని అలాగే పంపేశాను. ఆవిడ చెప్పింది "ఇది పనికిరాదు, మళ్లీ చేసి తీసుకురా" అని! మీటింగ్‌లో అందరి ముందు తల దించుకోవాల్సి వచ్చింది. ఆవిడ దృష్టిలో తను ముందే చెప్పింది, నేనే వినలేదు.

హింట్ అంటే మనకు లెక్కకు ఇచ్చే క్లూ, అంతే. కానీ ఆ మాట వెనక ఉన్నది పాత ఇంగ్లీషులోని 'హెంటన్' అంటారు, అంటే చేత్తో అందుకోవడం, పట్టుకోవడం. 1604 ప్రాంతంలో షేక్‌స్పియర్ రాసిన ఒథెల్లో నాటకంలో డెస్డిమోనా అనే అమ్మాయి హీరో ఒథెల్లోతో, నన్ను ప్రేమించే స్నేహితుడు నీకెవరైనా ఉంటే నీ కథ ఎలా చెప్పాలో అతనికి నేర్పు, నా మనసు గెలుచుకోవడానికి అది చాలు అంటుంది. "అపాన్ దిస్ హింట్ ఐ స్పేక్", అంటే ఆ హింట్ అందుకునే నేను నోరు విప్పాను, అంటాడు ఒథెల్లో. అక్కడ హింట్ అంటే దొరికిన అవకాశం, అందిపుచ్చుకోవాల్సింది. ఇప్పుడు మనం వాడే అర్థం కూడా ఆ శతాబ్దంలోనే స్థిరపడింది. అందుకే ఇంగ్లీషులో హింట్‌ను 'డ్రాప్' చేస్తారు, అవతలివాళ్లు 'టేక్' చేయాలి. "కాంట్ యు టేక్ ఎ హింట్?" అని ఎవరైనా అన్నారంటే వాళ్ల ఓపిక అయిపోయిందని అర్థం. కూరలో ఇంగువ వాసన లీలగా తగిలితే అదీ హింటే, వంటింటి చిట్కాలూ హింట్సే, వాటితో టెన్షన్ లేదు.

నిజానికి ఇది మనకు కొత్త విద్య కాదు. చుట్టాలింట్లో రెండో లడ్డూకి చెయ్యి చాపితే అమ్మ కళ్లతోనే ఆపేది కదా. చూచాయగా చెప్పడం, కనుసన్న చేయడం, ఉప్పందించడం, ఇక్కడ హైదరాబాద్‌లో అయితే ఇషారా చేయడం, ఇన్ని మాటలున్నాయి మనకు. అక్కడ ఇషారాలు వేరు, వాటిని నేర్చుకోవాలి. ఫోన్‌లో "ఐ విల్ లెట్ యు గో" అంటే ఇక పెట్టేస్తానని. "వి మస్ట్ హావ్ యు ఓవర్ సమ్‌టైమ్" అంటే రోజు, టైమ్ చెప్పేదాకా అది పిలుపు కాదు, మీరు ఎదురుచూసి బాధపడొద్దు. "క్వైట్ గుడ్" అని బ్రిటిష్ వాళ్లు అంటే చాలాసార్లు ఫర్వాలేదు అన్నంతే.

ఇంకోటి. హింట్ బదులు గొప్పగా ఉంటుందని 'ఇన్సిన్యుయేట్' వాడకండి. అది ఎదుటివాళ్ల మీద చెడును చల్లగా ఎక్కించడం. "ఆర్ యు ఇన్సిన్యుయేటింగ్ దట్ ఐ లైడ్?" (నేను అబద్ధమాడాననా మీ ఉద్దేశం?) అన్నారంటే అది గొడవే. లాటిన్‌లో 'సైనస్' అంటే వంపు, మడత, దాంట్లోంచి వంకరగా దూరడమే ఈ మాట. మావాడు బీటెక్ కదా, ట్రిగొనామెట్రీ సైన్ కూడా ఆ సైనసే అంటే నమ్మలేదు. విల్లు నారికి మన సంస్కృతంలో జ్యా, జీవా అంటారు, మన పాత గణితంలో సైన్‌కీ అదే పేరు, అది అరబ్బులకు చేరి 'జీబ' అయింది, అచ్చులు రాయని ఆ రాతలో 'జైబ్' అని చదివి, అంటే బట్ట మడత, లాటిన్‌లోకి సైనస్ అని దించేశారు. మన జేబు కూడా ఆ జైబే. వాడు వెంటనే వాళ్లమ్మను పిలిచి మొత్తం మళ్లీ చెప్పించాడు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా కొన్ని అందవు. అప్పుడు ఊహించుకోకుండా అడిగేయండి. "జస్ట్ టు చెక్, వుడ్ యు లైక్ మీ టు రీడూ దిస్?" అంటే చాలు, ఎవరూ చిన్నచూపు చూడరు. ఆ రిపోర్ట్ తర్వాత ఎన్నో ఏళ్లుగా నేను ఇదే అడుగుతున్నాను, ఒక్కరూ విసుక్కోలేదు.