యాసిడ్ సీసా పక్కన పెట్టు తల్లీ

అమ్మలూ,

నిజాంపేట ఫ్లాట్ రిజిస్ట్రేషన్ అయిపోయిందని మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. నీ సంపాదనతో, నీ పేరు మీద! మీ పెదనాన్నకు చెబితే సంతోషంతో కాసేపు మాట రాలేదు. ఆ వెంటనే మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. బోరు నీళ్ళకు బాత్రూమ్ నిండా తెల్లగా సున్నం పేరుకుందట, గృహప్రవేశం లోపల యాసిడ్ తెచ్చి ఒక్క రోజులో నువ్వే కడిగేస్తానన్నావట. అది విన్నప్పటి నుంచి నాకు కుదురు లేదు.

ముందు సంపు నీళ్ళు ల్యాబులో పరీక్ష చేయించు. తాగే నీళ్ళలో హార్డ్‌నెస్, అంటే సున్నం పాలు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే నీళ్ళు దొరకని చోట 600 వరకూ పరవాలేదని బిఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. ఫ్లోరైడ్ కూడా చూడమను, నీళ్ళలో సున్నం తీసే సాఫ్ట్‌నర్ యంత్రం దాన్ని తీయదు. సాఫ్ట్‌నర్ అమ్మేవాళ్ళు టీడీఎస్ మీటర్ ముంచి అంకె చూపిస్తే కంగారు పడకు. ఆ మీటర్ నీళ్ళలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపిస్తుంది, సున్నాన్ని విడిగా కొలవదు. పైగా సాఫ్ట్‌నర్ సున్నం తీసుకుని దాని బదులు ఉప్పులో ఉండే సోడియం వదులుతుంది కాబట్టి, పెట్టించాక కూడా ఆ అంకె పెద్దగా తగ్గదు. మీ మామగారికి బీపీ కదా, వంటగది కుళాయికి, మొక్కలకు సాఫ్ట్‌నర్ నీళ్ళు వెళ్ళకుండా విడిగా లైను వేయించు.

ఇక యాసిడ్ సంగతి. మేం కూకట్‌పల్లిలో అద్దెకున్నప్పుడు తాగడానికి, వంటకు కుళాయిలో వచ్చే మంజీరా నది నీళ్ళు పట్టుకునేవాళ్ళం, మిగతా అన్నిటికీ బోరే. పొరపాటున బోరు నీళ్ళలో పప్పు పెడితే ఎంతసేపటికీ ఉడికేది కాదు. మీ అక్క బారసాలకు ముందు రోజు, చుట్టాలొస్తున్నారని మీ పెదనాన్న బాత్రూమ్ కడగడానికి పూనుకున్నారు. పొద్దున్న పాచి కోసం బ్లీచింగ్ పౌడర్ చల్లి వదిలేశారు. సాయంత్రం దాన్ని నీళ్ళు కొట్టి కడగకుండానే, సున్నం మరకల మీద యాసిడ్ పోశారు. చలిగా ఉందని కిటికీ కూడా తెరవలేదు.

నేను పసిదానికి పాలిస్తూ పక్క గదిలో ఉన్నాను. ముందు ఘాటు వాసన వచ్చింది, ఆ తర్వాత దగ్గు వినిపించింది. ఆగని దగ్గు. పిల్లను మంచం మీద పడుకోబెట్టి తలుపు తోసేసరికి ఆయన గోడ పట్టుకుని ఉన్నారు, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. బ్లీచింగ్ పౌడర్, యాసిడ్ కలిస్తే క్లోరిన్ అనే విష వాయువు పుడుతుందని మాకెవరికీ తెలియదు. అది గాలి కంటే బరువు, నేలను అంటిపెట్టుకునే ఉంటుంది. వంగి తోమేవాళ్ళ ముఖానికే సూటిగా తగులుతుంది. పక్కింటాయన స్కూటర్ మీద ఆస్పత్రికి తీసుకెళ్ళారు. రాత్రంతా ఆక్సిజన్ పెట్టారు. బారసాల వాయిదా పడింది. ఇప్పటికీ చలికాలం వస్తే ఆయన జేబులో ఇన్‌హేలర్ ఉండాల్సిందే.

ఇంత జరిగినా పని అయిందా అంటే అదీ లేదు. కుళాయి మెరుపు పోయి నల్లబడింది. కింద తాండూరు బండ గుంటలు పడి గరుకు తేలింది. తాండూరు బండ అయినా, కడప రాయి అయినా సున్నపురాయే. మరకలో ఉన్న సున్నమేదో, బండలో ఉన్న సున్నమేదో యాసిడ్‌కు తెలియదు. నీ బాత్రూమ్‌లో అలాంటి బండ గానీ పాలరాయి గానీ ఉంటే నిమ్మరసం కూడా పడనివ్వకు.

కుళాయిలకు, షవర్‌కు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్ పొడి) చాలు. లీటరు వేడి నీళ్ళలో రెండు చెంచాలు కలిపి, గుడ్డ తడిపి కుళాయికి చుట్టి అరగంట ఉంచు. షవర్ తల అయితే ఆ నీళ్ళు పోసిన కవర్ కట్టి వేలాడదీయి. తర్వాత పాత టూత్ బ్రష్‌తో తోమి, మంచి నీళ్ళతో కడుగు. ఒకసారికి పోకపోతే మళ్ళీ రేపు చెయ్యి. ఏళ్ళ తరబడి పట్టిన సున్నం ఒక్క పూటలో వదలాలని పంతం ఎందుకమ్మా? వచ్చేవాళ్ళు నీ కుళాయిలు చూడటానికి రారు, నిన్ను చూడటానికి వస్తారు. స్నానం అయ్యాక వైపర్‌తో నీళ్ళు లాగేస్తే కొత్త మరక పట్టదు.

గీజర్‌ను మాత్రం నువ్వు ముట్టుకోవద్దు. గుటగుటమని చప్పుడు చేస్తోందంటే లోపల కాయిల్ చుట్టూ పెచ్చు కట్టిందన్నమాట. మెకానిక్‌ను పిలిచి విప్పించు, సేఫ్టీ వాల్వ్ మూసుకుపోయిందేమో దగ్గరుండి చూపించుకో. వేడి 60 డిగ్రీలు దాటనివ్వకు, వేడి పెరిగే కొద్దీ సున్నం ఇంకా త్వరగా పేరుకుంటుంది.

నీకు చిన్నప్పటి నుంచీ పని ఎదురుగా ఉంటే నిద్ర పట్టదు, తెలుసు. అది నాకు గర్వమే. కానీ ఇప్పుడు చంటివాడు నేల మీద పాకుతున్నాడు. ఇంట్లో యాసిడ్ సీసా ఉంటే ఈరోజే తీయించెయ్యి. ఆదివారం పొద్దున్నే మేమిద్దరం వస్తున్నాం. నిమ్మ ఉప్పు, పాత గుడ్డలు నేను తెస్తాను. నువ్వు రెండు బకెట్ల మంజీరా నీళ్ళు పట్టి ఉంచు.

మీ పెద్దమ్మ