ఉద్యోగం మానకుండా దేవుని పరిచర్య చేయొచ్చా? నా అనుభవం చెప్తాను

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వాక్యం చెప్పడం రాదు, పదిమందిలో ప్రార్థన చేయమంటేనే టెన్షన్. మరి దేవుని సేవ చేయాలంటే ఉద్యోగం వదిలేసి బైబిల్ కాలేజీలో చేరాలా అని.

ఇప్పుడే వద్దండి. నేనూ అకౌంట్స్ గుమస్తానే. పన్నెండేళ్లుగా శనివారం శనివారం నగరంలోని ఒక పెద్ద సర్కారు దవాఖానకు వెళ్తున్నాను. ఇప్పటికీ మైకు ఇస్తే గొంతు పూడుకుపోతుంది.

మొదట్లో సంఘం యూత్‌తో కలిసి వెళ్లేవాణ్ణి. ఒక చేత్తో బ్రెడ్డు ప్యాకెట్టు, ఇంకో చేత్తో కరపత్రం. గేటు బయట ఫుట్‌పాత్ మీద పేషెంట్ల తాలూకు వాళ్లు చాపలు పరుచుకుని ఉంటారు కదా, అక్కడ పంచేసి, ఫొటో దిగి, గంటలో వచ్చేసేవాళ్లం. ఒకరోజు నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన ఒకామె బ్రెడ్డు తీసుకుని, కరపత్రం నా చేతిలోనే పెట్టి, కొంగు ముడి విప్పి ఒక చీటీ చూపించింది. "అన్నా, గిది జర చదివి చెప్పు, యాడికి పోవాలె?" అంది. అది స్కానింగ్ చీటీ. రెండు రోజులుగా వేరే బ్లాకులో కూర్చుంటోందట పాపం. ఆమెను సరైన చోట కూర్చోబెట్టి వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. అప్పటికి మావాళ్లు ఫొటో కోసం నన్ను వెతుకుతున్నారు.

తిండి ఎలాగోలా దొరుకుతుంది, ఐదు రూపాయల భోజనం ఉంది. దారి చెప్పే మనిషే దొరకడు. ఆరోగ్యశ్రీ సంగతే చూడండి. 2023 డిసెంబరులో తెలంగాణలో ఉచిత వైద్యం పరిమితి 10 లక్షలకు పెంచారు, బాగానే ఉంది. కానీ రేషన్ కార్డు ఊళ్లో ట్రంకుపెట్టెలో ఉంటే ఏం లాభం? ఇంటికి ఫోన్ కలిపించి, కార్డు ఫొటో తెప్పించి, అసలుది ఎవరి చేతనైనా పంపించమని చెప్పి, ఈలోపు ఆరోగ్యమిత్ర (దవాఖానలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఉద్యోగి) దగ్గరికి తీసుకెళ్లి ఇంకేమేం కాగితాలు కావాలో రాయించుకోవాలి. నా పరిచర్యలో సగం ఇదే. మిగతా సగం రక్తం. మా సంఘంలో ఎవరు ఎప్పుడు ఇచ్చారో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటాం. మగవాళ్లు 90 రోజులకోసారి, ఆడవాళ్లు 120 రోజులకోసారి ఇవ్వొచ్చు. తలసేమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు) ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎండాకాలం కాలేజీలకు సెలవులిస్తే క్యాంపులు తగ్గిపోతాయి, అప్పుడు ఆ పుస్తకానికి పని పడుతుంది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒక పెద్దాయనకు సోమవారం పొద్దున్నే వస్తాను, లైన్లో నేను నిలబడతాను అని మాటిచ్చాను. ఆదివారం ఉపవాస కూటం రాత్రి పొద్దుపోయేదాకా సాగింది, తెల్లారి లేవలేకపోయాను. ఆయన నాకోసం గేటు దగ్గరే నిలబడి ఉండిపోయాడట, ఓపీ టైము దాటిపోయింది. తర్వాతి శనివారం కనపడితే "పని పడ్డదేమో లే కొడుకా" అన్నాడు. రెండు తిట్లు తిట్టినా బాగుండేది. అప్పట్నుంచి శనివారం తప్ప ఇంకే రోజూ ఎవరికీ మాటివ్వను.

"ఇది సోషల్ సర్వీసు బ్రదర్, సువార్త ఎక్కడుంది?" అని మా సంఘంలోనే అడుగుతారు. మా అమ్మమ్మ వాళ్లది ఒంగోలు వైపు. ధాత కరువులో (1876-78 నాటి పెద్ద కరువు) క్లౌ దొర, అంటే అక్కడ పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించిన సంగతి అక్కడ అందరికీ తెలుసు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం ఇవ్వమని ఎంతమంది అడిగినా ఆయన ఇవ్వలేదు. కడుపు కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆగాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని చెప్పుకుంటాం గానీ, అంతకుముందు ఆగిన ఆ కాలం గురించి మాత్రం ఎవరూ ప్రసంగం చేయరు. నాకు నచ్చింది అదే. అందుకే నేను వార్డులోకి కరపత్రాలు తీసుకెళ్లను. జ్వరంతో పడుకున్నవాడు వద్దనలేడు కదా. ఎవరైనా తమంతట తాము "నువ్వెందుకు వస్తున్నవన్నా?" అని అడిగితే చెప్తాను. అడిగినవాళ్లు తక్కువే.

ఇంకొకటి, చేతికి డబ్బు ఇవ్వకండి. మందుల షాపుకు వెంట వెళ్లి బిల్లు మీరే కట్టండి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పుకోండి కూడా. "ఊరందరి చీటీలు చదువుతావు, మన కరెంటు బిల్లు మాత్రం చూడవు" అని మా ఆవిడ దెప్పుతూనే ఉంటుంది, నిజమే మరి.

బైబిల్ కాలేజీ సంగతి ఒక ఏడాది తర్వాత ఆలోచించండి. ఈ శనివారం బండి వద్దు, పార్కింగ్ దొరకదు, సిటీ బస్సెక్కి ఎనిమిదికల్లా ఓపీ దగ్గర ఉండండి. చేతిలో ఏమీ పట్టుకురాకండి, ఫోన్‌లో ఛార్జింగ్, జేబులో రెండు పెన్నులు ఉంటే చాలు. ఒక పెన్ను ఎలాగూ తిరిగి రాదు.