మూడో ఉత్తరం ఎవరి చేత రాయించాలి?

మీ అబ్బాయి అమెరికా కాలేజీల దరఖాస్తుకు టీచర్ల సిఫారసు లేఖలు రెండూ సిద్ధమయ్యాయి, మూడోది ఐచ్ఛికం, దాన్ని మేనమామకు తెలిసిన ఎమ్మెల్యే గారి చేత రాయించాలా, కబడ్డీ కోచ్ చేత రాయించాలా అని కదా అడిగారు. కోచ్ చేతే రాయించండి.

మాది శ్రీకాకుళం. మా అమ్మాయి అప్పుడు మా ఇంట్లోనూ ఇదే రభస. మా బావగారు పట్టుబట్టి ఒక పెద్దమనిషి లెటర్‌హెడ్ మీద ఉత్తరం తెచ్చారు. చిన్ననాటి నుంచి ఎరుగుదునని, సత్ప్రవర్తన గలదని, మిక్కిలి తెలివైనదని అందులో ఉంది. ఆయన మా పిల్లను చూసింది ఒక్కసారి, అదీ ఒక పెళ్లి భోజనాల దగ్గర. పేరు మారిస్తే జిల్లాలో ఏ పిల్లకైనా అతికే ఉత్తరం. ముద్ర మాత్రం చక్కగా పడింది.

అది పక్కన పెట్టేశాం. బావగారు నెల్లాళ్లు మాట్లాడలేదు.

అమ్మాయి సెలవులన్నీ పొందూరులో, అమ్మమ్మ ఇంట్లో గడిచేవి. వలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి, రాట్నం మీద సన్న నూలు వడికే ఆడవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల చిలపల (వడికిన నూలు చుట్టల) లెక్క నోటు పుస్తకంలో రాసి పెట్టేది. ఆ నూలు లెక్కలు చూసే పెద్దాయన్ని అడిగాం. 'నాకు ఇంగ్లీషు రాదమ్మా' అన్నారు. తెలుగులోనే రాశారు, బడిలో ఇంగ్లీషు మాస్టారు అనువదించారు. అనువాదం మనం చేయకూడదు, పిల్లలు అసలే చేయకూడదు.

ఉత్తరంలో ఏముందో మాకు అప్పుడు తెలియదు. చాలా అమెరికా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు చేసే కామన్ యాప్‌లో పిల్లలు ఆ లేఖను చూసే హక్కు వదులుకుంటున్నామని టిక్కు పెడతారు (విద్యార్థుల రికార్డుల మీద అమెరికాలో 1974లో వచ్చిన ఫెర్పా చట్టం ఇచ్చిన హక్కు అది). అలా వదులుకుంటేనే రాసినవారు మొహమాటపడలేదని కాలేజీలకు నమ్మకం. అడ్మిషన్లన్నీ ముగిశాక పెద్దాయనే చదివి వినిపించారు. ఒక ముసలావిడకు వరుసగా మూడు వారాలు రెండేసి చిలపలు తక్కువ పడ్డాయని ఈ పిల్ల పాత పేజీలు తిరగేసి కనిపెట్టిందట. తప్పు తన కళ్లజోడుదేనని, పదిమందిలో చెప్పకుండా తనను పక్కకు పిలిచి చూపించిందని రాశారు. లెక్కల టీచరుకు ఇది ఎక్కడ తెలుస్తుంది? ఆయన రాసింది మార్కుల గురించి, అవి మార్కుల జాబితాలో ఎలాగూ ఉన్నాయి.

మీ కోచ్ కూడా 'బాగా ఆడతాడు' అని మాత్రమే రాసేలా ఉంటే మూడో ఉత్తరం మానేయండి. ఐచ్ఛికం అంటే నిజంగా ఐచ్ఛికమే.

ఇంకొకటి, టీచర్లు కాని వారి లేఖలు ఎన్ని తీసుకోవాలన్నది ఏ కాలేజీకి ఆ కాలేజీ పెట్టుకునే నియమం. కొన్ని ఒక్కటీ తీసుకోవు. డార్ట్‌మత్ అయితే తోటి స్నేహితుడి చేత రాయించమంటుంది. ఒక్కో కాలేజీ పేజీ తెరిచి చూసుకోండి. నవంబరు 1 గడువుకు పంపేటట్లయితే దసరాకు ముందే అడగాలి.

కోచ్‌కు ఈమెయిల్ ఉందో లేదో కూడా కనుక్కోండి, ఉత్తరం ఎక్కించే లింకు వచ్చేది దానికే. మా పెద్దాయనకు లేకపోతే వాళ్ల మనవడు తెరిచి పెట్టాడు. పాస్‌వర్డు ఆ చిలపల పుస్తకం వెనక అట్ట మీదే రాసుకున్నారు.