రోగి దగ్గర దుర్వాసన వస్తుంటే ఆ మాట డాక్టరు చెప్పాలా?

హౌస్ సర్జన్‌గా పనిచేస్తున్నానని, ఎదురుగా కూర్చున్న రోగి ఒంటి నుంచి దుర్వాసన వస్తున్నప్పుడు ఆ సంగతి చెప్పాలో, నొచ్చుకుంటారని ఊరుకోవాలో తేలడం లేదని మీరు రాశారు. చెప్పాలి. రోగి అడగకపోయినా చెప్పాలి. నేను డాక్టరును కాను, కానీ చెప్పని డాక్టరునూ చెప్పిన డాక్టరునూ వెంట వెంటనే చూసిన తల్లిని.

మా పాపకు నాలుగేళ్ళప్పుడు మేము తెనాలిలో ఉండేవాళ్ళం. బడులు తెరిచిన కొత్తలో పాప ఒంటి నుంచి కుళ్ళు వాసన రావడం మొదలైంది. బట్టలేమోనని బట్టలు, పక్క దుప్పట్లేమోనని దుప్పట్లు మార్చాను. సున్నిపిండితో నలుగు పెట్టి, వేపాకు వేసి కాచిన నీళ్ళతో రెండు పూటలా స్నానం చేయించినా, పౌడరు వేసిన కాసేపటికే మళ్ళీ అదే వాసన వచ్చేది. మా అత్తగారు దిష్టి తీశారు. పక్కింటి పిల్లలు ఆటలోకి రానివ్వడం మానేశారు. బడిలో టీచరు నన్ను పక్కకు పిలిచి, "పాపకు రోజూ స్నానం చేయిస్తున్నారా అండీ?" అని అడిగినప్పుడు నాకు నోట మాట రాలేదు.

అదే సమయంలో ముక్కు కూడా కారుతుండటంతో పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాం. టోకెన్ పట్టుకుని సాయంత్రమంతా కూర్చున్న తరువాత లోపలికి పిలిచారు. పాప ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టిన మరుక్షణం ఆయన మొహం పక్కకు తిప్పుకోవడం, కుర్చీ వెనక్కి జరుపుకోవడం, ఫ్యాను పెంచమని కాంపౌండరుకు కళ్ళతోనే సైగ చేయడం నేను గమనించాను. జలుబు మందు, ఒక యాంటీబయాటిక్ రాసి పంపేశారు. మేము గుమ్మం దాటుతుండగానే వెనక రూమ్ ఫ్రెషనర్ కొట్టిన చప్పుడు వినబడింది. వాసన ఆయనకు తెలిసింది, తెలిసి కూడా చీటీలో గానీ మాటలో గానీ దాని ఊసే లేదు. సిగ్గుతో కుంచించుకుపోయి ఉన్న నేను ఆ మాట ఎలా ఎత్తగలను? మందు వాడినంతకాలం వాసన కాస్త తగ్గి, ఆపగానే తిరిగి వచ్చింది.

ఆ తరువాత గుంటూరులో చెవి, ముక్కు, గొంతు చూసే ఒక పెద్ద డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాం. ఆవిడ బయట వరుసలో ఉన్నవారికి వినబడకుండా తలుపు మూయించి, పాప మొహం దగ్గరకు వంగి వాసన చూసి, నాతో ఇలా అన్నారు: "అమ్మా, పాప దగ్గర వాసన గట్టిగానే వస్తోంది. ఇది స్నానం సరిపోక వచ్చే వాసన కాదు. ముక్కు రెండు వైపులా కారుతోందా, ఒక వైపేనా?" ఒక వైపే. నర్సు తల కదలకుండా పట్టుకోగా, నుదుటి దీపం వెలుగులో సన్నటి పట్టకారుతో ఆవిడ బయటకు తీసింది చిటికెన వేలి గోరంత స్పాంజి ముక్క. మా ఇంట్లో చిరిగిపోయిన కుర్చీ పరుపులోది. చీము పట్టి నల్లబడి, ట్రేలో పెట్టేసరికి గదంతా కంపు కొట్టింది. చిన్నపిల్లల్లో ముక్కు ఒక వైపే కారుతూ దుర్వాసన వస్తుంటే మొదట అనుమానించవలసింది లోపల ఇరుక్కున్న వస్తువునేనని, అలాంటి వస్తువు వల్ల పిల్లల ఒళ్ళంతా వాసన వేయడం వైద్యులకు కొత్త కాదని ఆవిడ చెప్పారు. స్పాంజికి బదులు గుండీలాంటి చిన్న బ్యాటరీ అయి ఉంటే కొద్ది గంటల్లోనే ముక్కు లోపల కాలిపోయి ఉండేదట. తల్లులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఇంట్లో పిన్నీసులతో కెలకకూడదు.

మీ బెరుకు నాకు అర్థం కాకపోలేదు. మన సమాజంలో వాసన గురించిన మాట ఎప్పుడూ ఒంటరిగా రాదు. దాని వెనకే కులం, పేదరికం, ఒళ్ళు వంచి చేసే పని మీద చిన్నచూపు వస్తాయి. అయితే దానికి విరుగుడు మౌనం కాదు, వాసననూ శుభ్రతనూ విడదీసి మాట్లాడటం. చెమటకు దానంతట దానికి దాదాపు వాసనే ఉండదు. చంకల్లోని గ్రంథుల స్రావాన్ని చర్మం మీది బాక్టీరియా విడగొట్టినప్పుడే వాసన పుడుతుంది. రెండు పూటలా స్నానం చేసేవారికీ రావచ్చు. ఈ చిన్న నిజం చెప్పకుండా, సిగ్గును మాత్రం రోజూ టీవీలో అమ్మి డబ్బా సెంట్లు అంటగట్టే ప్రకటనలంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అసలు వాసన చూడటం వైద్యంలో భాగం కాకుండా ఎప్పుడు పోయింది? రోగాన్ని తెలుసుకునే మార్గాలు ఆరని, అవి అయిదు జ్ఞానేంద్రియాలూ ప్రశ్నించడమూ అని సుశ్రుత సంహిత చెబుతుంది. షుగరు అదుపు తప్పి కీటోన్లు పెరిగినవారి ఊపిరిలో మగ్గిన పండు వాసన, మూత్రపిండాలు పాడైనవారి నోట మూత్రం వాసన వస్తాయని మీరు చదువుకునే ఉంటారు. చేప ముట్టని మనిషి ఒంటి నుంచి చేపల కంపు రావడానికి ఎఫ్ఎంఓ3 అనే జన్యువులోని లోపం కారణం కావచ్చు. అలాంటివారికి గుడ్లు, సోయా తగ్గించమని చెబితే ఎంతో మేలు. షుగరుకని మన ఇళ్ళల్లో మెంతిపొడి మింగేవారి చెమట కూడా మెంతుల వాసనే వేస్తుంది, అది జబ్బు కాదని చెప్పినా పెద్ద ఊరటే. నార్వేలో ఒక తల్లి తన ఇద్దరు పిల్లల దగ్గర వచ్చే వింత వాసనకు కారణం చెప్పమని డాక్టర్ల చుట్టూ తిరిగితే, చివరకు 1934లో ఫాలింగ్ అనే వైద్యుడు ఆ పిల్లల మూత్రాన్ని పరీక్షించడం వల్లనే ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బు లోకానికి తెలిసింది.

ఎవరి వాసన వారికి చాలాసార్లు తెలియదు, అలవాటుపడిన ఇంట్లోవారికీ ఒక్కోసారి తెలియదు, తెలిసిన చుట్టాలు వెనక చెప్పుకుంటారు. చర్మాన్ని పరీక్షించే చదువు, తలుపు మూసుకునే గది, అడిగే అధికారం మూడూ ఉన్నది మీకే. కాబట్టి తోడు వచ్చినవారిని బయట ఉండమని, "మీ దగ్గర కొంచెం వాసన తెలుస్తోందండీ, కారణం చూద్దాం" అని మామూలు గొంతుతో చెప్పి, వెంటనే చంకలు, కాలి వేళ్ళ సందులు, నోరు, ముక్కు పరీక్షించండి. ఏమీ దొరకకపోతే ఆ మాటా చెప్పండి. ఇంకొక రకం మనుషులూ మీ దగ్గరకు వస్తారు. ఏ వాసనా లేకపోయినా తమ దగ్గర కంపు వస్తోందని నమ్మి, పెళ్ళిళ్ళకు వెళ్ళడం, బస్సెక్కడం కూడా మానేసినవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణలో దానినీ ఒక మానసిక సమస్యగా చేర్చారు. వారి దగ్గరకు జరిగి, వాసన చూసి, "నాకు ఏ వాసనా తెలియడం లేదు" అని చెప్పి, మానసిక వైద్యుల దగ్గరకు ఓపికగా పంపడం కూడా మీరే చేయాలి.