మూడో తరగతి బాబుకి చదవడం రావట్లేదు, రోజూ నేనే కూర్చోబెడితే వస్తుందా?

మీ బాబు తెలుగు కూడబలుక్కుని చదువుతున్నాడని, ట్యూషన్‌లో ఇరవై మందిలో ఒకడైపోయాడని, మీరే విడిగా చదివిస్తే లాభముంటుందా అని అడిగారు. ఉంటుందండీ. నాకు టీచర్ ట్రైనింగ్ ఏమీ లేదు. సిద్దిపేట వైపు ఒక సర్కారు బడిలో ఏడాదిపాటు, వారానికి మూడు రోజులు, ఇద్దరు పిల్లల్ని విడివిడిగా చెరో ఇరవై నిమిషాలు చదివించాను. నేను చేసిన పొరపాటు ముందు చెబుతాను.

మొదటి మూడు వారాలు గుణింతాలు రాయించాను. ఇద్దరిలో పిల్లాడు గడగడా అప్పజెప్పేవాడు. ఒకరోజు పుస్తకం మధ్యలో 'గు' మీద వేలు పెట్టి ఇదేంటని అడిగితే, పెదాలు కదుపుతూ 'క కా కి కీ' దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. పాట వచ్చు, అక్షరం రాదు!

అందుకే మీరు ముందు చీటీల మీద అక్షరాలు రాసి, కలిపేసి, ఒక్కొక్కటే చూపించండి. ఎక్కడ ఆగుతున్నాడో తెలిస్తే సగం పని అయినట్టే. మావాడికి ప, వ, ష ఒకటే. ఒత్తుల్లో త, మ, య వస్తే తెల్లమొహం వేసేవాడు. వాణ్ణి అనడానికేముంది, గ ఒత్తు గ లాగే ఉంటుంది, త ఒత్తులో త ఎక్కడ కనిపిస్తుంది?

ఆ తర్వాత పాఠ్యపుస్తకం పక్కన పెట్టి, ఇవాళ ఇంట్లో ఏమైందని అడగడం మొదలుపెట్టాను. "మా మేక ఈనింది. రెండు పిల్లలైనయి. ఒకటి నల్లగుంది" అన్నాడు. అచ్చం అలాగే నోటుబుక్కులో పెద్దక్షరాలతో రాసి చదవమన్నాను. తన మాటలే కాబట్టి చదివేశాడు. మర్నాడు అవే మాటలు చీటీలుగా కత్తిరించి కలిపిస్తే, 'మేక' అన్న చీటీని వెతికి పట్టుకున్నాడు. దసరా సెలవుల నాటికి నోటుబుక్కు సగం నిండింది. అప్పుడు స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే మొదటి స్థాయి తెలుగు కథలు ఫోన్‌లో చూపించాను. ఒకే కథ నాలుగైదుసార్లు చదివినా వాడికి విసుగు రాలేదు, నాకే వచ్చింది.

అన్నిటికన్నా కష్టం మనం నోరు మూసుకోవడం. పిల్లాడు ఆగగానే అందించేస్తాం. నేను మనసులో ఐదు లెక్కపెట్టేదాన్ని. చాలాసార్లు నాలుగు దగ్గరే చదివేసేవాడు. 'వెళ్ళాడు' అని ఉంటే 'పోయిండు' అనేవాడు. మొదట్లో దిద్దేదాన్ని. తర్వాత తట్టింది, అర్థం కాకుండా 'పోయిండు' అని ఎలా అంటాడు? వాక్యం పూర్తి చేయనిచ్చి, తర్వాత 'వె' చూపించేదాన్ని.

వేగం గురించి టెన్షన్ పడకండి. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో మూడో తరగతి చివరికి నిమిషానికి 60 మాటలని లక్ష్యం పెట్టారు. 'చెప్పకుండా వెళ్ళిపోయాడనుకున్నారు' అన్నది అంత పొడుగున్నా మన లెక్కలో రెండే మాటలు. మన భాషలో గడియారం పెట్టి లెక్కేస్తే పిల్లలకి అన్యాయమే అంటాను. ఇంట్లో రోజూ పదిహేను నిమిషాలు, ఒకే వేళకి, ఎదురుగా కాకుండా పక్కన కూర్చుంటే చాలు. అన్నాచెల్లెళ్ళ ముందు మాత్రం చదివించకండి.

ఇంకోటి, కళ్ళు పరీక్ష చేయించారా? నేను చదివించిన ఇద్దరిలో రెండోది పాప, తను వరసలు దాటేస్తుంటే అజాగ్రత్త అనుకుని ఒకసారి గట్టిగా కసిరాను కూడా. చూపే సరిగ్గా లేదు పాపం. కళ్ళజోడు వచ్చాక వరస తప్పలేదు. కళ్ళు బాగానే ఉండి, ఆరు నెలలు ఓపిగ్గా చదివించినా అక్షరాలు నిలవకపోతే డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే సమస్య) ఉందేమో పిల్లల సైకాలజిస్టుకు చూపించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇలాంటి అభ్యసన సమస్యలను కూడా చేర్చారు, కాబట్టి బడిలో అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ముందు ఆ చీటీల పని చేసి, ఏ అక్షరాల దగ్గర ఆగాడో రాయండి, చూద్దాం.